బ్యాంకు కట్టించుకున్న బీమా ఇంటికి కాదు, అప్పుకి

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 44, ప్రభుత్వ బడిలో టీచరు. భర్త ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్లు చూస్తారు. 2019లో ఇద్దరి పేరు మీదా 28 లక్షల అప్పు తీసుకుని, హంద్రీకి రెండు వీధుల ఇవతల ఇల్లు కట్టుకున్నారు. కింద వాళ్ళుంటారు, పైన చిన్న పోర్షన్ అద్దెకిచ్చారు. కిందటి వానాకాలంలో ఒక రాత్రి పక్కనున్న కాలువ పొంగి ఇంట్లోకి అడుగున్నర నీళ్ళొచ్చాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, దివాన్, పిల్లల పుస్తకాలు పోయాయి. ప్రహరీగోడ ఒక వైపు పడిపోయింది. "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని ఆ రాత్రి ధైర్యంగానే ఉన్నారట. అప్పు ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ అని చెప్పి బ్యాంకువాళ్ళు 62 వేలు కోసుకున్నారు మరి. తీరా కాగితం తీసుకుని వెళ్తే కౌంటర్‌లో ఉన్న అబ్బాయి చూసి, "మేడం, ఇది ఇంటికి కాదు, లోన్‌కి" అన్నాడు. రిపేర్లకు, సామాన్లకు రెండు లక్షల నలభై వేలు చీటీ ఎత్తి పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆవిడ ఇంటికి పాలసీ తీసుకుందామంటారు. ఆయన ఆ మాట ఎత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోతారు. "ఒకసారి మునిగింది చాలదా, మళ్ళీ డబ్బులు కూడా ముంచాలా?" అన్నది ఒక్కటే జవాబు. ఇద్దరు ఏజెంట్లు వచ్చారు. ఇల్లు అమ్మితే 75 లక్షలు వస్తుంది కాబట్టి 75 లక్షలకు చేయమని ఒకరు, 30 లక్షలు చాలని ఇంకొకరు. అత్తగారు ఆదోని దగ్గర పల్లెలోని పాత మిద్దెకు కూడా చేయించమంటున్నారు. అత్తగారి బంగారం 25 తులాలు కర్నూలు ఇంట్లో, పడకగది బీరువాలో ఉంది. "ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. నాకు ఇంటికంటే ఇంట్లో మనశ్శాంతి ముఖ్యం" అని ముగించారు. కింద ఒక తాజా కలం కూడా ఉంది, దాని సంగతి చివర్లో.

—

అమ్మా, ముందు ఆ 62 వేల కాగితం సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో నడుస్తున్న గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

అది దొంగ కాగితం కాదు. అప్పు తీసుకున్న మనిషి మధ్యలో చనిపోతే, మిగిలిన బాకీని ఇన్సూరెన్స్ కంపెనీ బ్యాంకుకు కట్టేసే పాలసీ అది. అంటే ప్రాణానికి, అప్పుకు ముడిపెట్టిన బీమా. ఇటుకకూ సిమెంటుకూ దానితో సంబంధం లేదు. నీళ్ళొచ్చినా నిప్పొచ్చినా అది పలకదు. కోపంలో దాన్ని రద్దు చేసుకుంటానని రాశారు కానీ, తొందరపడకండి. అందులో రెండు సంగతులు చూడండి. ఒకటి, ఎవరి ప్రాణం మీద ఉంది? అప్పు ఇద్దరిదీ అయినా చాలాచోట్ల మొదటి సంతకం పెట్టినవాళ్ళ ఒక్కరి పేరు మీదే చేస్తారు. ఈఎంఐ ఎక్కువ భాగం మీ జీతంలోంచే పోతోందన్నారు. మీ పేరు అందులో లేకపోతే, జరగరానిది జరిగినప్పుడు ఆ కాగితం సగమే పనికొస్తుంది. రెండు, ఈ ఏడాదికి అందులో ఎంత మొత్తానికి రక్షణ ఉందో చూడండి. చాలా పాలసీల్లో బాకీ తగ్గుతున్న కొద్దీ అదీ తగ్గుతుంది. ఈ రెండూ చూశాక ఉంచుకోవాలా, ముందే మూసేస్తే ఎంత తిరిగి వస్తుందో లెక్క అడగాలా అన్నది మీ ఇష్టం. నేనైతే ఉంచుకుంటాను. డబ్బు ఎలాగూ ఒకేసారి కట్టేశారు, అప్పేమో ఇంకా ఉంది.

ఇక మీ ఆయన. మీరు రాసిన నాలుగు పేజీల్లో నాకు బాగా గుర్తుండిపోయిన వాక్యం: "ఆ ఫారాలన్నీ చూసి సంతకాలు పెట్టింది ఆయనే." రోజంతా ఊళ్ళోవాళ్ళ లెక్కలు చూసే మనిషి, తన సొంత అప్పు కాగితంలో ఏముందో చదవకుండా సంతకం పెట్టానని కౌంటర్ ముందు, భార్య పక్కన నిలబడి తెలుసుకున్నాడు. ఆయన లేచి వెళ్ళేది ఇన్సూరెన్స్ మీద కోపంతో కాదేమో. మీరు "ఈసారి జాగ్రత్తగా చూసుకుందాం" అన్నప్పుడల్లా "పోయినసారి నువ్వు చూసుకోలేదు" అని వినిపిస్తూ ఉండవచ్చు. ఆ కౌంటర్ దగ్గర మోసపోయింది ఆయనొక్కడే కాదు. లోన్ వచ్చే రోజు యాభై సంతకాలు పెట్టించుకుంటారు, ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. కాబట్టి ఈ పని మీరొక్కరే చేసి ఆయన ముందు పెట్టకండి, ఆయన చేతికే ఇవ్వండి. "ఈ రెండు కొటేషన్లలో ఏది సరైన లెక్కో నువ్వే తేల్చు" అనండి. లెక్క నిజంగానే ఆసక్తిగా ఉంటుంది, ఇదిగో.

75 లక్షలు చెప్పిన ఏజెంటు స్థలాన్ని కూడా కలిపాడు. స్థలం కాలదు, కొట్టుకుపోదు. ఇంటి బీమా ఇచ్చేది ఇల్లు మళ్ళీ కట్టుకోవడానికయ్యే ఖర్చు, అమ్మితే వచ్చే ధర కాదు. 75 లక్షలకు ప్రీమియం కట్టినా, ఇల్లు పూర్తిగా నేలమట్టమైనా, కట్టడానికి 30 లక్షలే అయితే 30 లక్షలే వస్తాయి. మిగతా 45 లక్షల మీద ఏటా కట్టిన ప్రీమియం ఆ కంపెనీకి కానుక.

మీరిచ్చిన కొలతలతోనే చూద్దాం. ఇంటి ముందున్న షటర్ గది (దాని సంగతి తర్వాత చెప్తాను) వదిలేస్తే కింద 950, పైన 550, మొత్తం 1,500 చదరపు అడుగులు. ఇది గోడల లోపలి కొలత, కార్పెట్ ఏరియా. ఫారంలో అడిగేది అదే. చదరపు అడుగుకు 1,900 వేసుకుంటే 28 లక్షల 50 వేలు. 1,900 అన్నది నేను ఉదాహరణకు వేసిన అంకె. మీ ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచి, ఇవాళ ఇలాంటిదే కట్టాలంటే అడుగుకు ఎంత పడుతుందో అడగండి. దానికి ప్రహరీ, గేటు, సంపు, సెప్టిక్ ట్యాంకు కలపండి. ఇవి కూడా ఇంటి కిందికే వస్తాయి కానీ, చాలామంది ఫారంలో రాయడం మరిచిపోతారు. పోయినసారి మీకు పడింది ప్రహరీనే కదా. వాటికి రెండు లక్షలు వేస్తే మొత్తం ముప్పైన్నర లక్షలు. రెండో ఏజెంటు ఇంచుమించు నిజమే చెప్పాడు.

ఇప్పుడు పాలసీ పేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ తయారు చేసింది. ఇంటికి అగ్ని బీమా చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ దాన్ని అమ్మాలని అప్పుడు చెప్పింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా అసలు షరతులు అవే కాబట్టి, మీరు పోల్చుకోవాల్సింది ప్రీమియం, నష్టం జరిగాక అడిగే డబ్బు, అదే క్లెయిమ్, ఇచ్చే దగ్గర ఆ కంపెనీకి ఉన్న పేరు, అంతే. నిప్పు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, నీళ్ళు చేరడం, అల్లర్లు, ట్యాంకు పగలడం, వాహనం వచ్చి గోడను గుద్దడం ఇవన్నీ అందులో ఉన్నాయి. సామాన్లకు విడిగా జాబితా రాయకపోయినా, ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతట అదే వర్తిస్తుంది. మీ లెక్కలో అది 6 లక్షల 10 వేలు. పోయిన ఫ్రిజ్, దివాన్ అందులో సరిపోయేవి.

ఇంకో మేలుంది. పాత పద్ధతిలో ఇంటి విలువ 30 లక్షలుండి 15 లక్షలకే బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి రెండే ఇచ్చేవాళ్ళు. సగమే చేయించావు కాబట్టి సగమే ఇస్తామనేవాళ్ళు. ఈ పాలసీలో ఆ కోత లేదు. అలాగని కావాలని తక్కువ రాయకండి. ఇల్లు మొత్తం పోతే రాసినంత వరకే వస్తుంది.

ఏడాదికోసారి తీసుకోవచ్చు, పదేళ్ళ వరకు ఒకేసారి కూడా తీసుకోవచ్చు. ఎక్కువ ఏళ్ళకు తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. సిమెంటు, కూలి పెరుగుతున్న రోజుల్లో అది మంచిదే. కానీ మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో, పదేళ్ళ డబ్బు ఒకేసారి తీసి ఇవ్వడమంటే ఆ 62 వేల గాయాన్ని మళ్ళీ రేపడమే. మొదట ఒక ఏడాదికి తీసుకోండి. రెన్యూవల్ తేదీ మరిచిపోతామన్న భయం ఉంటుంది, ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఎప్పుడు తీసుకోవాలంటే, మన సీమలో భయం జూన్‌లో కాదు, దసరా చుట్టూ మొదలవుతుంది. కర్నూలు మునిగింది 2009 అక్టోబర్ 2న. కడపలో బుగ్గవంక పొంగింది 2020 నవంబర్‌లో. రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబర్ 19న. అనంతపురంలో నడిమివంక కాలనీల మీద పడింది 2022 అక్టోబర్‌లో. టీవీలో తుఫాను బొమ్మ తిరగడం మొదలయ్యాక ఏజెంటుకు ఫోన్ చేస్తే పని జరగదు. వినాయక చవితి లోపే పూర్తి చేయండి. పడిన ప్రహరీ, గోడల్లో పగుళ్ళు ఇంకా అలాగే ఉంటే ముందు రిపేరు చేయించి ఫోటోలు తీసి పెట్టుకోండి. పాత పగులుకు కొత్త పాలసీ డబ్బివ్వదు, పైగా రేపు నిజంగా నష్టం జరిగితే "ఇది ముందునుంచే ఉంది" అనడానికి వాళ్ళకు దారి దొరుకుతుంది.

పాలసీలో రానివి కూడా తెలిసి ఉండాలి. స్లాబు కారడం, గోడ చెమ్మ పట్టడం, పాతబడి పెచ్చులూడటం ఇవేవీ రావు. కరెంటు హెచ్చుతగ్గులకు ఫ్రిజ్ కాలిపోతే ఆ ఫ్రిజ్‌కు రాదు. దాని నుంచి మంటలు లేచి గది కాలితే గదికి వస్తుంది. ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంచాల్సి వస్తే కంపెనీకి ముందే చెప్పండి. వేసవి సెలవుల్లో మీరంతా బెంగళూరులో తమ్ముడి దగ్గర ఉంటామన్నారు కాబట్టి ఇది మీకే.

మీరు ఉత్తరంలో ఒక మాట అలా చెప్పి దాటేశారు: "ముందు షటర్ గది జిరాక్స్ షాపుకు ఇచ్చాం." నాకు అన్నిటికంటే అదే టెన్షన్. గృహ రక్ష నివాసానికి ఇచ్చే పాలసీ. అందులో షాపు నడుస్తోందని ఫారంలో చెప్పకుండా దాచి, రేపు జిరాక్స్ మెషీన్ దగ్గర నిప్పు పుట్టి ఇంట్లోకి పాకితే, మొత్తం క్లెయిమే చిక్కులో పడుతుంది. దీనికి దారులున్నాయి. షటర్ గది ఉందని రాతపూర్వకంగా చెప్పి, ఇంటి భాగానికి గృహ రక్ష, ఆ గదికి చిన్న వ్యాపారాలకు ఇచ్చే పాలసీ విడిగా తీసుకోవచ్చు. ప్రీమియం కాస్త పెరుగుతుంది. లేదా షాపతన్ని ఖాళీ చేయించవచ్చు. నెలకు వచ్చే అద్దె పోతుంది, మీ ఈఎంఐకి అది ఆసరా అని మీరే రాశారు కాబట్టి అది నేను చెప్పను. చెప్పకుండా ఊరుకోవడం మూడోది. ఏజెంట్లలో కొందరు "ఏం కాదు మేడం, రాయొద్దు" అంటారు. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చే రోజు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు.

పైపోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళ సామాన్లు మీ పాలసీలోకి రావు. మీది గోడలకు, మీ సామాన్లకే. వాళ్ళు కావాలంటే సామాన్లకు మాత్రమే తక్కువ ఖర్చులో తీసుకోవచ్చని ఒక మాట చెప్పండి. తర్వాత మిమ్మల్ని తప్పుపట్టరు.

బ్యాంకు సంగతి ఇంకొకటి. ఇల్లు తాకట్టులో ఉంది కాబట్టి పాలసీలో బ్యాంకు పేరు రాయించమంటారు. అలా రాస్తే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకు చేతికే పోతుంది. రిపేరుకు దాన్ని మీకు వదలాలంటే వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం కావాలి. ఇది తెలిసి ఉంటే ఆ రోజు కంగారు ఉండదు. ఫలానా కంపెనీ పాలసీనే కొనాలని మాత్రం బ్యాంకు మిమ్మల్ని బలవంతం చేయకూడదు. బ్యాంకు తానే ఇప్పిస్తానంటే, బీమా మొత్తం ఎంతో చూడండి. కొన్నిసార్లు మిగిలిన బాకీ మొత్తానికే చేస్తారు. బాకీ 19 లక్షలుంటే 19 లక్షలకు. బ్యాంకు డబ్బు క్షేమం, మీ మిగతా గోడలు దేవుడికి.

బంగారం గురించి. గృహ రక్షలో దొంగతనం ఉంది కానీ, నిప్పు, వరద లాంటిది జరిగిన 7 రోజుల్లోపు ఆ అదనులో జరిగితేనే. మామూలు రోజు తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే రాదు. దానికి దొంగతనం పాలసీ వేరుగా కలపాలి. నగలకు విలువైన వస్తువుల కవర్ అని ఇంకొకటి ఎంచుకోవాలి, విలువ కట్టిన సర్టిఫికెట్ కావాలి. మొత్తం 5 లక్షలలోపు, ఒక్కో వస్తువు లక్షలోపు ఉంటే ఆ సర్టిఫికెట్ అడగరు కానీ, ఈ ధరల్లో అత్తగారి నల్లపూసల గొలుసొక్కటే లక్ష దాటుతుంది. లాకర్లో పెడితే? 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, నిప్పు, దొంగతనం, ఉద్యోగుల మోసం వల్ల లాకర్లో వస్తువు పోతే బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2 వేలైతే 2 లక్షలు. వరద లాంటి ప్రకృతి వైపరీత్యమైతే, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకు అదీ లేదు. అయినా బీరువా కంటే లాకరే నయం. అత్తగారు ఒప్పుకోకపోతే, పెళ్ళిళ్ళకు పెట్టుకునే నాలుగు నగలు ఇంట్లో ఉంచి మిగతావి లాకర్లో పెడదామని అడిగి చూడండి. మొత్తం తీసేస్తామంటే ఎవరైనా కాదనే అంటారు.

పల్లెలో మిద్దె. ఇక్కడ నేను అత్తగారికి నచ్చని మాట చెప్పాలి. మట్టి గోడలు, దూలాల మీద బండలు, పైన చౌడు మట్టి. ఆ ఇల్లు ఇంకా చనిపోయిన మామగారి పేరు మీదే ఉంది, మీ ఆయనా మీ మరిదీ పంచుకోలేదు. కంపెనీ ముందు అడిగేది ఇది ఎవరిదని. దానికి జవాబు లేకుండా మీ పేరు మీద చేయిస్తే క్లెయిమ్ నిలవదు. పేర్లు మార్పించుకున్నాక చేయించినా, మన దగ్గర ఇలాంటి మిద్దెలు కూలేది వరదకు తక్కువ, నాలుగు రోజుల ముసురుకు ఎక్కువ. చౌడు కొట్టుకుపోయి, నీళ్ళు గోడలోకి దిగి, అయిదో రోజు ఎండ కాసినప్పుడు కూలుతుంది. సర్వేయరు దాన్ని పాతబడటమని రాస్తే మీరు గెలవడం కష్టం. అక్కడ పెట్టే ప్రీమియం డబ్బుతో ఏటా చౌడు వేయించి, పైనున్న పిచ్చిమొక్కలు పీకించి, నీళ్ళు పోయే గొట్టాలు శుభ్రం చేయించడమే మేలని నా అభిప్రాయం. "ఇల్లు విడవను" అంటున్న అత్తగారిని ముసురు పట్టినప్పుడైనా కర్నూలుకు తీసుకొచ్చేయండి. ఎండ కాసిన వెంటనే పంపకండి, రెండు రోజులు ఆగి పంపండి.

మళ్ళీ నీళ్ళొస్తే ఏం చేయాలో కూడా అడిగారు. పోయినసారి తెల్లారేసరికి మీరు ఇల్లు కడిగేసి, తడిసిన సామాన్లు వీధిలో పారేశారు. ఎవరైనా అదే చేస్తారు. పాలసీ ఉన్నప్పుడు మాత్రం ముందు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. గోడ మీద బురద గీత ఎక్కడిదాకా ఉందో ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి, పాడైన ప్రతి వస్తువూ తీయండి. సర్వేయరు చూసేవరకు ఫ్రిజ్ వసారాలోనే ఉండనివ్వండి. బురద మాత్రం తోసేయవచ్చు. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. దాన్నీ కాదన్నా, నెలలోపు జవాబివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలు తేల్చే అధికారి దగ్గరికి, వెళ్ళవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక తాజా కలం. 2009లో పుట్టింట్లో బీరువా కింది అరలో పెట్టిన కాగితాలన్నీ ముద్దయిపోయాయనీ, ఈ పాలసీ కాగితం ఎక్కడ పెట్టాలనీ అడిగారు. ఆ అక్టోబర్‌లో మా పెద్దమ్మ వాళ్ళ మేడ మీద చీరలు ఆరేసే తాడుకు ఇంటి పట్టా, పదో తరగతి మార్కుల లిస్టు, రేషన్ కార్డు క్లిప్పులు పెట్టి వేలాడదీసి ఉండటం నేనూ చూశాను. పట్టా మీద సిరా నీలంగా పాకిపోయింది, సర్వే నంబరులో చివరి రెండంకెలు కనిపించలేదు. మీ పాలసీ మెయిల్‌కే వస్తుంది. దాన్ని మీ ఫోన్‌లో ఒకటి, మీ ఆయన ఫోన్‌లో ఒకటి ఉంచి, బెంగళూరులో తమ్ముడికి కూడా పంపండి. ఇంటి పట్టా, లోన్ కాగితాలు, ఫ్రిజ్, టీవీ బిల్లులు కూడా ఫోటో తీసి అందులోనే చేర్చండి. ప్రింటు తీసుకుంటే మాత్రం పై అరలో పెట్టండి.